గేమ్ కన్సోల్ కొనే ముందు డిస్కు సంగతి తేల్చుకోండి

వేసవి సెలవులు దగ్గరపడినప్పుడు, దసరా దీపావళి సేల్స్ మొదలైనప్పుడు చాలా ఇళ్లలో ఒకే చర్చ. పిల్లాడు పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5) అడుగుతున్నాడు, కొనాలా వద్దా, కొంటే ఏది కొనాలి? మొదటి జీతాలు అందుకున్న కుర్రాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. యూట్యూబ్ తెరిస్తే టెరాఫ్లాప్స్, 4కే, సెకనుకు 120 ఫ్రేములు అంటూ లెక్కలు చెబుతారు. ఆ లెక్కలు నిజమే. కానీ మన ఇళ్లలో ఆ కన్సోల్ మూడేళ్లు ఆడతారా, మూడు నెలలకే అటకెక్కుతుందా అన్నది వాటిని బట్టి తేలదు. ఇంట్లో నెట్ ఎలా ఉంది, స్నేహితుల దగ్గర ఏది ఉంది, ఆడేసిన గేమ్‌ను తిరిగి అమ్ముకోగలమా, పాడైతే ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నవాటితో తేలుతుంది.

నా సలహా ముందే చెప్పేస్తాను. హాల్లో టీవీకి పెట్టుకుని ఆడేది కావాలంటే డిస్కు పట్టే పీఎస్5 తీసుకోండి. పదేళ్ల లోపు పిల్లలుండి, విదేశం నుంచి తెచ్చిపెట్టే వాళ్లుంటే నింటెండో స్విచ్. చదువుకో ఉద్యోగానికో ఎలాగూ కంప్యూటర్ కొనాల్సి ఉంటే, కన్సోల్ డబ్బు కూడా దానికే కలిపి మంచి గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ కొనండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ ఈరోజు మన దగ్గర కొద్దిమందికే సరిపోతుంది. వాళ్లెవరో కింద చెబుతాను.

ఆగితే ధర తగ్గుతుందా?

పాత అనుభవం ప్రకారం కన్సోల్ వచ్చిన మూడు నాలుగేళ్లకు ధర దిగాలి. ఈ తరంలో అలా జరగలేదు. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చినప్పుడు డిస్కు మోడల్ 49,990 రూపాయలు, డిస్కు పట్టకుండా గేములు నెట్ నుంచే దించుకునే డిజిటల్ మోడల్ 39,990. 2022 నవంబరులో రెండింటి మీదా ఐదేసి వేలు పెరిగింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన స్లిమ్ మోడల్‌ను కూడా 54,990, 44,990 ధరలకే పెట్టారు. అమెరికాలోనూ ఇదే కథ. 2025లో అక్కడ ఎక్స్‌బాక్స్ ధర రెండుసార్లు, పీఎస్5 ధర ఆగస్టులో ఒకసారి పెరిగాయి.

కాబట్టి ఇంకో ఏడాది ఆగుదాం, ఇంకా చవకవుతుంది అనుకుని కూర్చోవద్దు. ఆగదలచుకుంటే పండగ సేల్ దాకా ఆగండి, అంతే. అప్పుడు కన్సోల్ మీద నేరుగా తగ్గింపో, బ్యాంకు కార్డు ఆఫరో, గేమ్ ఉచితంగా కలిపి ఇవ్వడమో ఏదో ఒకటి ఉంటుంది. పైన చెప్పినవి ఆయా మోడళ్లు విడుదలైనప్పటి ధరలు. మీరు కొనే రోజున దుకాణంలో ఎంత చెబుతున్నారో చూసుకోండి.

పీఎస్5లోనే ఇంకా శక్తివంతమైన మోడల్ అయిన పీఎస్5 ప్రో గురించి అడిగే వాళ్ల కోసం ఒక మాట. 2024 నవంబరులో ప్రపంచమంతా విడుదలైనప్పుడు దాన్ని ఇండియాలో అమ్మలేదు. అందులోని వైఫై వాడే 6 గిగాహెర్ట్‌జ్ తరంగాలకు అప్పటికి ఇక్కడ అనుమతి లేకపోవడమే కారణమని సోనీ చెప్పింది. గ్రే మార్కెట్‌లో, అంటే కంపెనీతో సంబంధం లేకుండా బయటి నుంచి తెప్పించి అమ్మేవాళ్ల దగ్గర, ఎక్కువ డబ్బు పోసి, వారంటీ లేకుండా దాన్ని తెచ్చుకోవాల్సినంత తేడా మామూలు టీవీ మీద కనిపించదు.

డిస్కు ఎందుకంత ముఖ్యం

విడుదల ధరల్లో పీఎస్5 డిజిటల్ మోడల్ పదివేలు తక్కువ. చాలామంది అక్కడే ఆగిపోయి అదే కొనేస్తారు. ఇక్కడే కాస్త నెమ్మదిగా లెక్క వేయాలి.

పెద్ద గేమ్ కొత్తది ఐదు వేల దాకా ఉంటుంది. డిస్కు కొంటే అది మీ చేతిలో ఉన్న వస్తువు. కథ పూర్తయ్యాక అమ్మేయవచ్చు, వేరే డిస్కుకు మార్చుకోవచ్చు, బాబాయి కొడుక్కి చేబదులు ఇవ్వవచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి మార్కెట్లలోనూ, పాత వస్తువుల యాప్‌లలోనూ వాడిన డిస్కులకు గిరాకీ ఉంటుంది. గేమ్ కొత్తగా ఉన్నప్పుడే అమ్మితే సగం పైగా వెనక్కి రావడం అరుదేమీ కాదు. అంటే ఒక్కో గేమ్ మీద రెండు రెండున్నర వేలు మిగిలితే, నాలుగైదు గేములు తిరిగేసరికి ఆ పదివేల తేడా పూడిపోతుంది. ఆ తర్వాత ప్రతి గేమూ చవకే. డిజిటల్‌లో కొన్నది మీ అకౌంట్‌కే అతుక్కుని ఉంటుంది. అదే కన్సోల్‌లో ఇంట్లో వాళ్లందరూ ఆడుకోవచ్చు గానీ అమ్మడం, ఇవ్వడం కుదరదు.

డిజిటల్ స్టోర్‌లో సేల్స్ ఉండవా అంటే ఉంటాయి, మంచి సేల్సే ఉంటాయి. ఓపిక పట్టి ఏడాది పాత గేములు మాత్రమే ఆడే మనిషికి డిజిటల్ నష్టం కాదు. కానీ ఆ ఓపిక ఉన్న మనిషి కూడా డిస్కు మోడల్ మీద అదే సేల్‌లో కొనుక్కోవచ్చు కదా. పైగా డిస్కు మోడల్‌లో పాత పీఎస్4 డిస్కులు కూడా నడుస్తాయి. ఇంట్లో పీఎస్4 ఉన్నవాళ్లకు ఇది పెద్ద లాభం. పీఎస్3, పీఎస్2 డిస్కులు మాత్రం నడవవు.

స్లిమ్ డిజిటల్ మోడల్‌కు తర్వాత డిస్కు డ్రైవ్ తగిలించుకునే వీలుంది. దాన్ని నమ్ముకుని డిజిటల్ కొనేవాళ్లను చూశాను. ఆ డ్రైవ్ మీ ఊళ్లో దొరకాలి, సరైన ధరకు దొరకాలి, తగిలించాక మొదటిసారి నెట్‌కు కలిపితేనే పనిచేస్తుంది. ఇన్ని షరతులెందుకు? మొదటే డిస్కు మోడల్ తీసుకుంటే పోతుంది.

ఒక అపోహ ఉంది. డిస్కు ఉంటే మెమరీ ఖర్చు కాదనుకుంటారు. అవుతుంది. గేమ్ మొత్తం కన్సోల్ లోపలి మెమరీ అయిన ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కుతుంది. ఆడేటప్పుడు, ఇది మీ గేమే అని చూపడానికి డిస్కు లోపల ఉండాలి. చోటు చాలకపోతే పీఎస్5లో మామూలు ఎం.2 ఎస్‌ఎస్‌డీ కొని స్క్రూడ్రైవర్‌తో మనమే బిగించుకోవచ్చు. కంప్యూటర్‌కు వాడేదే. కాకపోతే సోనీ చెప్పిన వేగం, సైజు ఉన్నదై ఉండాలి, వేడిని లాగేసే లోహపు పట్టీ, అంటే హీట్‌సింక్ కూడా ఉండాలి. ఎక్స్‌బాక్స్‌కైతే దానికోసమే తయారైన ప్రత్యేక కార్డే పెట్టాలి. అది ఖరీదెక్కువ.

ఇంటి నెట్, ఇంటి కరెంటు

ఈ రోజుల్లో పెద్ద గేమ్ 100 జీబీ ఉండటం మామూలు. 50 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ మీద పూర్తి వేగం అందితే అది దిగడానికి దాదాపు నాలుగున్నర గంటలు. సాయంత్రం పెట్టి రాత్రికి ఆడుకోవచ్చు. ఫైబర్ ఇంకా రాని ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడితే, రోజుకు 2 జీబీ ప్యాక్‌తో అదే గేమ్‌కు యాభై రోజులు పడుతుంది. అలాంటి ఇంట్లో డిజిటల్ కన్సోల్ పెట్టడం డబ్బు నీళ్లలో పోయడమే. డిస్కు మోడల్ కొన్నా, కొన్ని గేములకు డిస్కులో ఉన్నది కొంతే, మిగిలింది నెట్ నుంచే దించుకోవాలి. కొనే ముందు డిస్కు పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఏం రాశారో చదవండి.

కరెంటు బిల్లు గురించి అమ్మానాన్నల భయం కాస్త ఎక్కువే అని చెప్పాలి. పెద్ద గేమ్ ఆడేటప్పుడు పీఎస్5 దాదాపు 200 వాట్లు తీసుకుంటుంది. అంటే ఐదు గంటలు ఆడితే ఒక యూనిట్. అసలు చూసుకోవాల్సింది కరెంటు పోయి వచ్చే ఇళ్లలో. గేమ్ సేవ్ అవుతున్నప్పుడో అప్‌డేట్ ఎక్కుతున్నప్పుడో కరెంటు పోతే ఫైళ్లు చెడిపోవచ్చు. ఇన్వర్టర్ ఉంటే వెనకున్న స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణానికే కన్సోల్ ఆగిపోవచ్చు. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమైతే మంచిది. ఆట అయిపోయాక రెస్ట్ మోడ్‌లో వదిలేయకుండా పూర్తిగా ఆపేయడం అలవాటు చేయండి.

ఇంకోటి, కన్సోల్‌ను అద్దాల తలుపులున్న టీవీ అరలో పెట్టి మూయవద్దు. దుమ్ము పడుతుందని ఆడుతున్నప్పుడు పైన గుడ్డ కప్పవద్దు. వేడి బయటికి పోయే దారి లేక ఫ్యాను గోల పెడుతుంది, కొన్నాళ్లకు కన్సోల్ దానంతట అదే ఆగిపోవడం మొదలవుతుంది.

టీవీ

ఇంట్లో 43 అంగుళాల 4కే టీవీ ఉంటే పీఎస్5కు అది చాలు. సెకనుకు 120 ఫ్రేములు చూపే 120 హెర్ట్‌జ్ టీవీ కోసం అదనంగా అప్పు చేయవద్దు. 32 అంగుళాల హెచ్‌డీ టీవీయే ఉన్నా పీఎస్5 ఆడుతుంది. బొమ్మ అంత నిండుగా కనిపించదు, అంతే. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయడం మాత్రం మర్చిపోవద్దు. బటన్ నొక్కినదానికీ తెర మీద కదలికకూ మధ్య ఆలస్యం అక్కడే తగ్గుతుంది.

స్నేహితులు ఎక్కడుంటే అక్కడ

అబ్బాయి అయినా అమ్మాయి అయినా, వాళ్ల క్లాసులోనో ఆఫీసులోనో కలిసి ఆడే నలుగురి దగ్గర ఏముందో అడగండి. మన దగ్గర ఎక్కువమంది దగ్గర ప్లేస్టేషనే ఉంటుంది. డిస్కులు మార్చుకునే లాభం కూడా అప్పుడే దక్కుతుంది. కొన్ని గేములు ఏ కన్సోల్‌లో ఉన్నా కలిసి ఆడుకోనిస్తాయి, అన్నీ కాదు.

ఆన్‌లైన్‌లో ఆడటానికి నెలవారీ లేదా ఏడాది చందా కట్టాలన్న సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. ఫుట్‌బాల్ లాంటి కొన్న గేమ్‌ను ఇతరులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే పీఎస్5లో ప్లేస్టేషన్ ప్లస్ కావాలి, ఎక్స్‌బాక్స్‌లో గేమ్ పాస్ కావాలి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేములకు ఆ చందా అక్కర్లేదు. ఒక్కరే కూర్చుని కథ ఆడుకునేవాళ్లకు అసలే అక్కర్లేదు. పీసీలో ఇలాంటి రుసుమే లేదు.

అయితే కన్సోల్ అసలు ఆనందం ఆన్‌లైన్‌లో కాదని నా గట్టి నమ్మకం. ఒకే సోఫాలో ఇద్దరు పక్కపక్కనే కూర్చుని ఆడటంలో ఉంది. అక్కాతమ్ముళ్లు కలిసి ఇట్ టేక్స్ టూ ఆడితే, ఒకరికొకరు సాయం చేసుకోకుండా ఒక్క గది కూడా దాటలేరు. ఆ గేమ్‌ను ఒంటరిగా ఆడటమే కుదరదు. నాన్నకు క్రికెట్ 24 పెట్టి చేతికి కంట్రోలర్ ఇవ్వండి, ఆయన ఎంత త్వరగా ఔటయినా మళ్లీ ఇంకో ఓవర్ అడుగుతారు. అందుకే బడ్జెట్ వేసుకునేటప్పుడు రెండో కంట్రోలర్‌ను మొదటి రోజే కలపండి. దానికి ఐదారు వేలు పక్కన పెట్టండి. పీఎస్5, ఇంకో కంట్రోలర్, రెండు కొత్త గేములు కలిపితే డెబ్భై వేల దాకా అవుతుంది. అంత కుదరకపోతే కొత్త గేముల్లో ఒకటి తగ్గించండి గానీ కంట్రోలర్ తగ్గించవద్దు. ప్రతి పీఎస్5లోనూ ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే గేమ్ ముందే ఉచితంగా ఉంటుంది. చిన్నాపెద్దా అందరూ మొదట దానితో చేయి అలవాటు చేసుకోవచ్చు.

ఎక్స్‌బాక్స్ ఎవరికి?

2020 నవంబరు 10న ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ ఇండియాలోనూ విడుదలయ్యాయి. ఎక్స్ 49,990, ఎస్ 34,990. అప్పట్లో సిరీస్ ఎస్‌ను, దానితో పాటు గేమ్ పాస్ చందాను తక్కువ ఖర్చులో మంచి జోడీ అని చెప్పడంలో న్యాయం ఉంది. ఒక్క చందాతో వందల గేములు, చిన్న పెట్టె, తక్కువ కరెంటు. ఇప్పుడా లెక్క మారింది. 2025 అక్టోబరులో గేమ్ పాస్ అల్టిమేట్ చందా బాగా పెరిగింది. మన దుకాణాల్లో ఎక్స్‌బాక్స్ కనిపించడం తగ్గింది, డిస్కులు దొరకడం ఇంకా కష్టం. సిరీస్ ఎస్‌కు డిస్కు పట్టే చోటే లేదు, 512 జీబీ మోడల్‌లో గేములకు మిగిలేది 364 జీబీ. మూడు పెద్ద గేములు ఎక్కించేసరికి నిండిపోతుంది.

పైగా ఎక్స్‌బాక్స్‌లోనే దొరికే గేములు తగ్గిపోతున్నాయి. ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల రేసు 2025 ఏప్రిల్‌లో పీఎస్5కూ వచ్చేసింది. గేర్స్ ఆఫ్ వార్ కూడా అదే ఏడాది ఆగస్టులో వచ్చింది. గాడ్ ఆఫ్ వార్, స్పైడర్‌మ్యాన్ 2, గ్రాన్ టురిస్మో 7 మాత్రం ఎక్స్‌బాక్స్‌లో లేవు. అందరూ ఎదురుచూస్తున్న జీటీఏ 6 గేమ్ పీఎస్5కూ ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకూ వస్తుందని దాన్ని తయారుచేస్తున్న రాక్‌స్టార్ సంస్థ ప్రకటించింది కాబట్టి, దాని కోసమైతే రెండూ ఒకటే.

మరి ఎవరు కొనాలి? ఇప్పటికే పాత ఎక్స్‌బాక్స్ డిస్కులు, అకౌంట్‌లో కొన్న గేములు బోలెడు ఉన్నవాళ్లు. సిరీస్ ఎక్స్ డిస్కు మోడల్‌లో ఎక్స్‌బాక్స్ వన్ డిస్కులు నడుస్తాయి, అంతకు ముందరి ఎక్స్‌బాక్స్ 360 కాలం నాటివీ చాలా నడుస్తాయి. ఈ విషయంలో సోనీ కంటే మైక్రోసాఫ్ట్ పని నిజంగా మెచ్చుకోదగింది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్న తెలుగు కుటుంబాలకు సర్వీసు, డిస్కుల ఇబ్బంది లేదు కాబట్టి వాళ్లకు ఎక్స్‌బాక్స్ ఇప్పటికీ పోటీలో ఉంది.

నింటెండో స్విచ్: చిన్నపిల్లలున్న ఇంటికి

నింటెండో మన దేశంలో స్విచ్‌ను అధికారికంగా అమ్మడం లేదు. ఇక్కడ దొరికేవన్నీ బయటి నుంచి తెప్పించినవే. అందుకే ధర ఒక్కో దుకాణంలో ఒక్కోలా ఉంటుంది, కంపెనీ వారంటీ ఉండదు. ఇంత ఇబ్బంది ఉన్నా చిన్నపిల్లల కోసం నేను దీన్నే చెబుతాను. ఎందుకంటే మారియో గేములంత శ్రద్ధగా పిల్లల కోసం చేసిన గేములు ఇంకెక్కడా అంతగా దొరకవు. టీవీకి పెట్టి ఆడవచ్చు, తీసి చేత్తో పట్టుకుని రైల్లోనూ ఆడవచ్చు. కరెంటు పోయినా బ్యాటరీ ఉంది. కంట్రోలర్ రెండు ముక్కలుగా విడిపోయి ఇద్దరికి సరిపోతుంది. స్విచ్ లైట్‌కు మాత్రం టీవీకి పెట్టే వీలు లేదు, కంట్రోలర్లూ విడిపోవు. కాబట్టి ఇద్దరు పిల్లలున్న ఇంటికి అది వద్దు.

2017లో వచ్చిన పాత స్విచ్, 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2, రెండూ ఇప్పుడు కనిపిస్తాయి. స్విచ్ 2 అమెరికాలో 449.99 డాలర్లకు విడుదలైంది. తెర 7.9 అంగుళాలు, లోపల 256 జీబీ. దానికి మామూలు మెమరీ కార్డు పనిచేయదు, మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి. చిన్నపిల్లలకే అయితే పాత స్విచ్‌లోనే మెరుగైన తెర ఉన్న ఓఎల్ఈడీ మోడల్ వాడినది చాలు, మారియో కార్ట్ 8 డీలక్స్ ఒక్కటీ రెండేళ్లు ఆడతారు. స్విచ్ గేము కార్డులు ఏ దేశంలో కొన్నా నడుస్తాయి. అమెరికాలో ఉన్న అత్తయ్యో అన్నయ్యో వచ్చేటప్పుడు కన్సోల్‌తో పాటు రెండు గేము కార్డులు తెమ్మని చెప్పండి. స్విచ్ 2కు కొనేటప్పుడు పెట్టె మీద గేమ్ కీ కార్డ్ అని ఉందేమో చూడమనండి. అలా ఉంటే కార్డులో గేమ్ ఉండదు, మొత్తం నెట్ నుంచే దించుకోవాలి. తెచ్చేవాళ్లు కస్టమ్స్ పరిమితి ఎంతో ముందే చూసుకుని బిల్లు దగ్గర పెట్టుకోవాలి. అడాప్టర్ మీద 100-240 వోల్ట్‌లు అని ముద్రించి ఉంటే ఇక్కడి కరెంటుకు పిన్ను మార్చే ప్లగ్ ఒక్కటి చాలు.

మన దేశంలో పుట్టిన గేమ్ ఒకటి ఈ సందర్భంలో చెప్పాలి. పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ సంస్థ చేసిన రాజీ 2020లో మొదట స్విచ్‌కే వచ్చింది, తర్వాత మిగతా వాటికి. తమ్ముడి కోసం వెతుక్కుంటూ వెళ్లే అమ్మాయి కథ, గుడులు, కోటలు, మన పురాణాల నీడ. కాస్త పెద్దపిల్లలకు తప్పక ఆడించండి.

ల్యాప్‌టాప్ దారి

ఇంజనీరింగ్‌లో చేరబోయే పిల్లలకు విడిగా కన్సోల్, విడిగా ల్యాప్‌టాప్ కొనడం నాకు నచ్చదు. రెండు చిన్న ఖర్చుల బదులు ఒకే మంచి యంత్రం మేలు. సోనీ పెద్ద గేములు కూడా చాలా పీసీకి వచ్చాయి. గాడ్ ఆఫ్ వార్ 2022లో, ఘోస్ట్ ఆఫ్ సుషిమా 2024లో, స్పైడర్‌మ్యాన్ 2 2025 జనవరిలో. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, సేల్స్ పెద్దవి. అలాంటిదే అయిన ఎపిక్ స్టోర్ తరచూ ఉచితంగా గేములు ఇస్తుంది. ఇక్కడ డిస్కు అమ్ముకునే వీలు లేదు, కానీ సేల్ ధరలు ఆ లోటును చాలావరకు పూడుస్తాయి. జీటీఏ 6ను మాత్రం పీసీకి ఇంకా ప్రకటించలేదు. పీసీ గేములు ఆడించే స్టీమ్ డెక్ చేతి కన్సోల్ ఇండియాలో అధికారికంగా లేదు. అలాంటిది కావాలంటే 2023లో 69,990 రూపాయలకు ఇక్కడ విడుదలైన ఆసుస్ రాగ్ ఆలై తరహావి చూడాలి.

వాడినది కొనేటప్పుడు

సెకండ్ హ్యాండ్ పీఎస్5 తప్పేమీ కాదు, చూసి కొంటే. అమ్మేవాళ్ల ఇంట్లోనే అరగంట పెద్ద గేమ్ ఆడించండి. ఫ్యాను గోల పెడుతోందా, మధ్యలో ఆగుతోందా చూడండి. డిస్కును రెండు మూడుసార్లు పెట్టి తీయండి. కంట్రోలర్ వదిలేసినా తెర మీద బొమ్మ దానంతట అదే ఒక పక్కకు జరుగుతుంటే స్టిక్ పాడైనట్టే. మీ అకౌంట్‌తో లాగిన్ అయి ఆన్‌లైన్‌లోకి వెళుతోందో చూడండి. ఆన్‌లైన్ నుంచి నిషేధించిన యంత్రమైతే అక్కడే తెలిసిపోతుంది. అమ్మేవాళ్లు తమ అకౌంట్ తీసేసి, మొత్తం రీసెట్ చేసి ఇవ్వాలి. బిల్లు మీది సీరియల్ నంబరు, వెనక ఉన్న నంబరు ఒకటే కావాలి.

కొత్తదైనా పాతదైనా ఇంటికి రాగానే మొదటి అకౌంట్ పెద్దవాళ్ల పేరుతో తెరవండి. పిల్లలకు దాని కింద చైల్డ్ అకౌంట్ పెట్టి, ఆడే గంటలు, వయసు పరిమితి అందులోనే నిర్ణయించండి. జీటీఏ లాంటివి 18 ఏళ్లు దాటినవాళ్లకే. కార్డు వివరాలు సేవ్ చేస్తే కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. లేకపోతే ఉచిత గేముల్లో దుస్తులు, ఆయుధాలు అంటూ వేలు పోవడానికి ఒక సాయంత్రం చాలు.